ఒక్క వేలు తక్కువ

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే శ్రీహరి ఇంట్లో, కరెంటు పోయినప్పుడల్లా ఒక కథ బయటికొచ్చేది. సాంచాలంటే మరమగ్గాలు. అవి ఆగితే తప్ప ఆ వాడలో మనిషి మాట మనిషికి వినపడదు. పిల్లలకు చెప్పదలచుకున్న మంచీ చెడ్డా అంతా శ్రీహరి ఆ కాస్త నిశ్శబ్దంలోనే చెప్పేవాడు. అన్నిట్లోకీ ఎక్కువసార్లు చెప్పింది మాత్రం పోలీసు సెలక్షన్ల కథ.

పడుచుతనంలో ఆయన సెలక్షన్లకని కరీంనగర్ పోయాడట. పరుగులో నెగ్గాడట, దూకడంలో నెగ్గాడట. ఆఖరికి ఛాతీ కొలిచే దగ్గర ఊపిరి ఎంత బిగబట్టినా ఒక్క వేలు తక్కువొచ్చిందట.

"దూది పీల్చిన రొమ్ము బిడ్డా, ఎంతని ఉబ్బుతది?" అంటూ చొక్కా గుండీలు విప్పి చూపించేవాడు. "టేపు పట్టుకున్నాయన నా మొకం దిక్కు గూడ చూడలే. పో పిలగా అన్నడు. టేపు చుట్టి జేబుల పెట్టుకున్నడు. నా ఖాకీ బట్టలు గా జేబులనే పోయినయ్."

ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. కొడుకు హరీష్ అప్పటికే లేచి గల్లీలోకి ఉరికి ఉండేవాడు. కూతురు అలేఖ్య మాత్రం మోకాళ్లు ముడుచుకుని అక్కడే కూర్చునేది. మళ్లీ కరెంటు వచ్చి, సాంచాలు ఒకటొకటిగా టకటకలాడడం మొదలయ్యేదాకా కదిలేది కాదు. ఆ టేపు మనిషి ఎలా ఉండేవాడో ఆమెకు తెలుసు. ఆయన మీసం కూడా ఊహించుకుంది. బడిలో ఎవరైనా "పో" అని కసిరితే, ఆమెకు ముందు తండ్రే గుర్తొచ్చేవాడు.

అలేఖ్య చదువులో చురుకు. తెలుగంటే మరీ ప్రాణం. డిగ్రీలో ఉండగానే కవితలు రాసేది, రాసినవి స్నేహితురాలు సృజనకు చదివి వినిపించేది. ఇద్దరూ కలిసి ఎం.ఏ. ప్రవేశ పరీక్ష రాశారు. ఇద్దరికీ వరంగల్‌లో సీటు వచ్చింది. హాస్టల్లో ఒకే గది దొరికితే కిటికీ దగ్గరి మంచం ఎవరిదో కూడా ముందే పంచుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అటవీశాఖలో బీట్ ఆఫీసర్ల ఉద్యోగాలు పడ్డాయని వాడలో ఎవరో చెప్పారు.

శ్రీహరి ఆ సాయంత్రం షెడ్డు నుంచి పెందలాడే వచ్చాడు. తల మీది దూది కూడా దులుపుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"పోలీసు కాకపాయె. అడివి ఆఫీసర్లది గూడ ఖాకీనేనట గదా బిడ్డా?"

"నాకు వరంగల్‌ల సీటొచ్చింది బాపు."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె ఎదురు చెప్పేది. "నీ ఇష్టం" అన్నాడు. "ఒక్కపారి ఇంట్ల ఖాకీ చూసుకొని సద్దామనుకున్న. రాసిపెట్టి లేనిది ఏడికెల్లి వస్తది?" అని మళ్లీ షెడ్డుకు వెళ్లిపోయాడు.

అలేఖ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సృజనకు ఫోన్ చేసి, "నువ్వు పో. కిటికీ కాడి మంచం నువ్వే తీస్కో" అంది.

రాతపరీక్ష ఆమెకు కష్టం కాలేదు. నడక పరీక్షే కష్టం. ఆడపిల్లలు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. పుస్తకం ముందు కూర్చునే పిల్లకు, నాలుగు వీధులు దాటితేనే పిక్కలు పట్టేసేవి. అందుకని శ్రీహరి తెల్లవారకముందే ఆమెను లేపి మానేరు కట్ట మీదికి తీసుకుపోయేవాడు. ఆమె నడిస్తే ఆయన పక్కన సైకిల్ మీద మెల్లగా వచ్చేవాడు. హ్యాండిల్‌కు నీళ్ల సీసా, నానబెట్టిన శనగల పొట్లం.

"జర్రంత బిడ్డా. గా వంతెన దాకా. గంతె."

వంతెన వచ్చాక ఇంకో గుర్తు చూపించేవాడు. ఒక్కోసారి అలసిపోయి ఆమె కట్ట మీద కూలబడితే, సైకిల్ పడుకోబెట్టి వచ్చి తన కండువాతో ఆమె పాదాలు తుడిచేవాడు. వాడలో తండ్రులు కూతుళ్లతో మాట్లాడేది తక్కువ. ఆ నెలల్లో మాత్రం శ్రీహరి, అలేఖ్య ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో! తన బతుకులో అంత సంతోషమైన కాలం లేదని ఆమె చాలా ఏళ్లు నమ్మింది.

ఉద్యోగం వచ్చింది. జైనూర్ దిక్కు అడవుల్లో పోస్టింగ్. మొదటిసారి ఖాకీ బట్టలు వేసుకుని ఇంటికి వచ్చిన రోజు శ్రీహరి ఆమె భుజం మీది గుండీని వేలితో తడిమి, వాడంతా తిప్పి చూపించాడు. హరీష్ ఫోటో తీశాడు. ఆ ఫోటో గడప పక్కన గోడకెక్కింది.

అడవిలో ఆమెకు దక్కింది ఒక పెంకుటింటి క్వార్టరు, చుట్టూ టేకు చెట్లు, ఎండాకాలం వస్తే అగ్గి భయం, వానాకాలం వస్తే అడవి భూముల దున్నకాల గొడవ. మొదటి ఏడాది వానలకు ముందు, పై వాళ్ల ఉత్తర్వు మీద ఒక గోండు గూడెం వాళ్ల దున్నకం ఆపడానికి వెళ్లింది. నాగలి ముందు నిలబడి వద్దంటే, తన తల్లి కన్నా పెద్ద వయసున్న ఒకామె వంగి దోసెడు మన్ను తీసి ఆమె మీదికి విసిరింది. మన్ను ఛాతీ మీద, పేరు రాసిన పట్టీ మీద పడింది. ఆ ముసలామెను తప్పుపట్టడానికి అలేఖ్యకు మనసు రాలేదు. క్వార్టరుకు వచ్చి చొక్కా ఉతుక్కుంటూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి తనకు తాను చెప్పుకుంది: ఈ మన్ను నా మీద పడలేదు, బాపు కల మీద పడింది. బాపు అయితే దులుపుకుని నిలబడేవాడు. నేనూ నిలబడతాను.

అలా నిలబడింది. కవితలు మళ్లీ రావడం మొదలైంది కూడా అప్పుడే. ఎటు చూసినా ఆమెకు తనలాంటి పిల్లలే కనపడేవారు. ఇచ్చోడలో టైర్ల దుకాణం ఆయన కొడుకు, తండ్రి కోసం డాక్టరు కోచింగ్‌కు పోయి, సెలవుల్లో వచ్చి టైర్ల మధ్య ఆనందంగా నల్లబడేవాడు. ఆశ్రమ పాఠశాలలో ఒక పిల్లను, నర్సును చేయాలనుకున్న తల్లి ఊరందరి ముందూ "మా నర్సమ్మ" అని పిలిచేది. ఆ పిల్లకు రక్తం చూస్తే కళ్లు తిరిగేవి. వాళ్లందరి గురించీ అలేఖ్య రాసింది.

పిల్లలు పుట్టరు
పెద్దల నిద్రలోంచి లేచి వస్తారు
కళ్లు నలుపుకుంటూ
ఆ కలలో విడిచిన చెప్పులే తొడుక్కుంటారు

ఫోన్లో టైపు చేసి సృజనకు పంపేది. సృజన అప్పటికి కరీంనగర్‌లో ఒక కాలేజీలో తెలుగు లెక్చరరు. ఆమె వాటిని పదిమందికీ పంపేది. వాటన్నిట్లోకీ పేరొచ్చింది మాత్రం తండ్రి మీద రాసిందే. పేరు "ఒక్క వేలు".

బాపు ఛాతీ ఒక్క వేలు తక్కువైందని
ఎవరో టేపు చుట్టుకుని వెళ్లిపోయారు
ఆ ఒక్క వేలి జాగాలో
నేను ఇల్లు కట్టుకున్నాను

ఇంతలో హరీష్ పాలిటెక్నిక్ మధ్యలో మానేసి, పెళ్లిళ్లకు డ్రోన్ కెమెరా ఎగరేసే పనికి కుదిరాడు. అలేఖ్య భయపడుతూ ఫోన్ చేస్తే, శ్రీహరి తేలిగ్గా, "ఆని ఇష్టం బిడ్డా. ఆనికి గదే మంచిగనిపిచ్చింది" అన్నాడు. ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. కానీ తమ్ముడికి దొరికిందని తను కుళ్లుకోవడం ఏమిటని తన్ను తానే తిట్టుకుంది. పెద్దదానికి కల ఇచ్చాడు, చిన్నవాడికి స్వేచ్ఛ ఇచ్చాడు, ఏదైనా ఇవ్వడమే కదా అనుకుంది.

ఆ మరుసటి ఏడు సృజన వాళ్లు కరీంనగర్‌లో కవిసమ్మేళనం పెట్టారు. కన్నవాళ్ల కలలు, పిల్లల బతుకులు అన్నది విషయం. కవులు తమ అవ్వలనూ బాపులనూ కూడా తీసుకురావాలన్నారు. శ్రీహరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కరీంనగర్‌లోనే బట్టలు కుట్టుకుని బతికే తన చిన్ననాటి దోస్తు హనుమండ్లును కూడా పిలిచాడు.

అలేఖ్య "ఒక్క వేలు" చదివింది. హాలు చప్పట్లతో నిండింది. సృజన మైకు దగ్గరికి వచ్చి, "ఆ బాపు ఇక్కడే ఉన్నారు. రెండు మాటలు చెప్పాలె" అని శ్రీహరిని పిలిచింది.

శ్రీహరికి స్టేజీ కొత్త. మొదట మైకును చేత్తో తడిమి చూశాడు. తర్వాత పరుగు చెప్పాడు, దూకడం చెప్పాడు. బిగబట్టిన ఊపిరి చెప్పాడు. ఇంట్లో ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటి కొత్తగా కలిపాడు: బయటికి వచ్చి గోడకు ఆనుకుని గుక్కపట్టి ఏడ్చానని, ఏడుస్తుంటే ముక్కు నుంచి రక్తం కారిందని. హాల్లో ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. శాలువా కప్పారు. పక్కన నిలబడ్డ అలేఖ్యకు ఒళ్లంతా పులకరించింది. ఈ మనిషి కోసం ఏం చేసినా తక్కువే అనిపించింది.

కిందికి దిగి చాయ్ తాగే దగ్గర హనుమండ్లు ఎదురొచ్చాడు. శ్రీహరి వీపు మీద గట్టిగా చరిచాడు.

"అరేయ్ శ్రీహరిగా, మస్తు చెప్పినవ్ రా! నా కత నాకే కొత్తగ అనిపిచ్చింది."

శ్రీహరి గబుక్కున ఆయన చేయి పట్టుకుని, "దా, చాయ్ సల్లారిపోతది" అని పక్కకు లాగాడు.

"నీ కతేంది కాకా?" అంది అలేఖ్య.

హనుమండ్లు నవ్వుతూనే చెప్పాడు. "సెలక్షన్లకు పోయింది నేను గద బిడ్డా. మీ బాపు నాకు తోడొచ్చిండు. లోపటికి రానియ్యకపోతే గేటు బయట సైకిళ్ల కాడ కూసున్నడు, నా చెప్పులు పట్టుకొని. టేపు పెట్టింది గీ ఛాతీకే." చేత్తో తన రొమ్ము తట్టుకున్నాడు. "బయటికొచ్చి మీ బాపు మీద పడి గంటసేపు ఏడ్సిన. ముక్కుకెల్లి నెత్తురచ్చింది గూడ నాకే." అక్కడికి వచ్చేసరికి ఆయన నవ్వు కాస్త సన్నబడింది. "ఇయ్యాల నా ఏడుపు గూడ ఆడే ఏడ్సిండు."

అప్పుడు ఆమె ముఖం చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీకు ఎర్క లేదా బిడ్డా?"

ఆమె తండ్రి వైపు చూసింది. శ్రీహరి అటు తిరిగి శాలువా సర్దుకుంటున్నాడు.

బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. చుట్టూ జనం. శ్రీహరి శాలువాను ఒళ్లో పెట్టుకుని మడతలు వేస్తున్నాడు, విప్పుతున్నాడు.

"బాపు, నువ్వు పరుగుల ఉరికినవా లేదా? గదొక్కటి చెప్పు."

"ఇప్పుడు గదెందుకు బిడ్డా, గింత మంచిగ జరిగినంక?"

"ఉరికినవా?"

"లే."

"ఖాకీ మీద నీకు పాణం ఉండెనా?"

శ్రీహరి ఆలోచించాడు. అలా ఆలోచించడమే ఆమెను కోసింది. "ఉంటే మంచిదే గద" అన్నాడు. "ఎవ్వలికి ఉండది?"

"మరి నాకెందుకు గట్ల చెప్పినవ్?"

"సాంచాల గతి నీకు ఎర్క లేదా? పొద్దుకొకటి పాతసామాన్లకు పోతుండె. నువ్వేమో తెలుగు చదువుత, కైతలు రాస్త అంటివి. వద్దంటే మొండికేస్తవ్. నేను కండ్లనీళ్లు పెట్టుకుంటే ఇంటవ్. గది నీ చిన్నప్పటి సంది నాకు ఎర్కే." ఆయన గొంతులో తప్పు చేసినవాడి జంకు లేదు. పనిమంతుడు తన పని గురించి చెప్పినట్టే చెప్పాడు. "నౌకరి రాలేదా? బతుకు మంచిగ లేదా? నేనేమన్న విషం పోసిన్నా?"

"హరీష్‌కెందుకు చెప్పలే?"

"ఆనికీ చెప్పిన. ఆడు ఇనలే బిడ్డా. నువ్వు ఇన్నవ్."

బస్సు వచ్చింది. ఆయన సీటు పట్టుకుని, కిటికీ పక్కకు జరిగి, రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఎక్కింది. రెండు వరుసలు దాటి వెనక కూర్చుంది. దారి పొడుగునా ఆయన నెరిసిన వెనక తల చూస్తూనే ఉంది. ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి తిరగడం మానేశాడు.

ఇంట్లో తల్లి బియ్యం ఏరుతోంది. అలేఖ్య ముందు కూర్చుని అడిగింది. "నీకు ఎర్కేనా అవ్వా?"

అవ్వ చేట ఆపింది. "ఎర్క లేకేం. మా పెండ్లిల హనుమండ్లే చెప్పె. గది ఎప్పటి ముచ్చటనో, నేనెందుకు నడుమల చెయ్యి పెట్టాలె? బాపూబిడ్డలు మంచిగ ముచ్చట పెట్టుకుంటుంటే సూడ ముద్దుండె."

హరీష్ అయితే ఆశ్చర్యపోయాడు. "నీకు తెల్వదా అక్కా? నాకు పదో తరగతిలనే హనుమండ్లు కాక చెప్పిండు. తెల్సే పోతున్నవనుకున్న. బాపు సంబురం కోసం పోతున్నవనుకున్న."

ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దోస్తుకు తెలుసు. గోడ మీది ఫోటోలో ఖాకీ వేసుకుని నవ్వుతున్న పిల్లకు ఒక్కదానికే తెలియదు. అలేఖ్య ఆ రాత్రి ఉండకుండా, పొద్దు ఉండగానే బయల్దేరి మంచిర్యాల బస్సు ఎక్కింది.

అడవికి వచ్చాక ఆమెకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చింది ముసలామె విసిరిన మన్ను. అది ఎవరి కల మీదా పడలేదు. తన ఒంటి మీదే పడింది. ఆ రోజు ఒక కల చాటున నిలబడ్డాననుకుంది. చాటు లేదు, ఏదీ లేదు, ఉత్త మనిషిగా నిలబడింది. తర్వాత మానేరు కట్ట గుర్తొచ్చింది. సైకిల్ మీద మెల్లగా వచ్చిన ఆ మనిషి, కండువాతో పాదాలు తుడిచిన ఆ మనిషి ఎవరు? పాదాలు తుడవడం నిజమే. ఎందుకు తుడిచాడన్నదే ఇప్పుడు ఆమెకు అంతుపట్టలేదు. అబద్ధం కథ ఒక్కదాన్నే పాడుచేసి ఊరుకోలేదు. దాని పక్కన ఉన్న నిజాలకూ చెద పట్టించింది.

సృజన ఆ కవితలన్నీ పుస్తకంగా వేస్తానని ఫోన్ చేసింది. "ఒక్క వేలు" మొదటి పేజీలో ఉండాలంది.

"గది తీసెయ్" అంది అలేఖ్య.

"ఎందుకే? అందరికీ నచ్చింది గదే. కతెవరిదైతేంది, నువ్వు నమ్మి రాసినవ్ గదా?"

"నమ్మి రాసిన. గందుకే తీసెయ్."

సృజన చాలాసేపు బతిమిలాడింది. తీసేస్తే పుస్తకం సన్నబడుతుందని కూడా అంది. అలేఖ్య ఒప్పుకోలేదు. మిగతావి వేసుకోమంది. ఆ తర్వాత ఆమె కొత్తగా ఏదీ రాయలేదు. రాయాలని కూర్చుంటే, టైర్ల దుకాణం ఆయన మీదా, నర్సమ్మ తల్లి మీదా కూడా అనుమానం వచ్చేది: వీళ్లలో ఎవరు కల కన్నారు, ఎవరు కల్పించారు?

ఉద్యోగం మానలేదు. మానితే ఎక్కడికి పోవాలో తెలియదు. పైగా ఎండాకాలం అగ్గి అంటుకున్నప్పుడు పచ్చి మండలు పట్టుకుని ముందుకు ఉరకడం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. గాలి ఎటు తిరుగుతుందో ముఖానికి తగిలే వేడిని బట్టే చెప్పగలదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవ్వతో మాట్లాడేది. "బాపుకిస్తా" అని అవ్వ అంటే, పని ఉందని పెట్టేసేది.

ఆ చలికాలంలో ఒక పొద్దున శ్రీహరి తనే వచ్చాడు. ముందురోజు బయల్దేరి, మూడు బస్సులు మారి, జైనూర్ నుంచి ఆటోలో దిగాడు. చేతిలో అవ్వ చేసిన సకినాల డబ్బా. ఎప్పుడూ రాని మనిషి, క్వార్టరు గడపలో నిలబడి కొత్తవాడిలా చూశాడు. ఆమె లోపలికి రమ్మంది. చాయ్ పెట్టి ఇచ్చింది.

"ఫోన్ చేస్తే ఎత్తుతలేవాయె" అన్నాడు.

ఆమె పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది.

"నీ మేలుకే గద బిడ్డా."

"మేలుకే కావొచ్చు" అంది ఆమె. "చెప్పి అడిగితే అయిపోతుండె. 'భయమైతుంది బిడ్డా, నౌకరి చెయ్' అంటే చేద్దును. నా చదువు నేనే విడుస్తుంటి. నువ్వు లేని దుఃఖం చూపెట్టి తీస్కున్నవ్."

శ్రీహరి గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు. బయట ఎక్కడో దూరంగా గొడ్ల మెడలో గంట మోగి ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఒక్కటడుగుత. నిజం చెప్పు బాపు. నీకు నిజంగ ఏం కావాల్నని ఉండె?"

ఆయన తలెత్తాడు. "ఎవ్వలు గట్ల అడగలే నన్ను" అన్నాడు. మళ్లీ ఆలోచించాడు. "చప్పుడు లేని ఇంట్ల పండుకోవాల్నని ఉండె బిడ్డా. సాంచాల చప్పుడు లేని ఇల్లు. గంతె. ఇంకేం యాదికి వస్తలేదు."

అని, అలసట వల్లో మరెందువల్లో, గోడ పక్కన పరిచిన చాప మీద ఒరిగాడు. కొద్దిసేపట్లోనే నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏళ్ల తరబడి దూది పీల్చిన రొమ్ము చిన్నగా గురగురమంటూ లేస్తోంది, పడుతోంది.

అలేఖ్య ఆయన పక్కన నిలబడి చూసింది. ఒకప్పుడు ఈ ముఖంలో చిన్న ముడత కదిలినా దాని అర్థం తనకు తెలుసనుకునేది. ఇప్పుడు ఆయన చెప్పింది నిజమో, అడిగింది కదా అని అప్పటికప్పుడు అల్లిన మరో కథో ఆమెకు తెలియలేదు. ఆ నిద్రను చూస్తే నిజమనిపిస్తోంది. ఆ కన్నీళ్లను చూసినప్పుడూ అలాగే అనిపించింది. నమ్మాలని ఉంది. నమ్మడం చేతకాలేదు.

పప్పు దించి మూత పెట్టింది. అన్నం గిన్నె ఆయనకు అందేలా చాప దగ్గరికి జరిపింది. బెల్టు బిగించుకుని, తలుపు దగ్గరగా వేసి, డ్యూటీకి వెళ్లిపోయింది.